మా అమ్మాయి సైకాలజీ తీసుకుంది

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది. మిస్సిసాగాలో గ్రేడ్ 11కి వెళ్తూ మా అమ్మాయి సైకాలజీ తీసుకుంటానంది. "పిచ్చాళ్ల చదువు నీకెందుకమ్మా?" అనేశాను. రెండు రోజులు మాట్లాడలేదు.

తీరా చూస్తే ఆంటారియోలో ఆ క్లాసులో సైకాలజీ ఒక్కటే ఉండదు. ఆంత్రోపాలజీ, సోషియాలజీ కూడా కలిసే ఉంటాయి. 110 గంటలు, ఒక క్రెడిట్. డిప్లొమాకి కావాల్సినవి 30.

మనవాళ్లు బోల్తా పడేది కోడ్ దగ్గర. హెచ్‌ఎస్‌పీ3యూ యూనివర్సిటీ దారి, హెచ్‌ఎస్‌పీ3సీ కాలేజీ దారి. మన ఊళ్లో ఇంటర్ నుంచి డిగ్రీ దాకా అన్నీ కాలేజీలే కదా, ఇక్కడ కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. ఆ మాట చూసి నేను 3సీకే సరే అనబోయాను! 3యూకి ముందు గ్రేడ్ 10లో అకడమిక్ ఇంగ్లీషో, అకడమిక్ హిస్టరీయో చదివుండాలి. 3సీకి అలాంటిదేం లేదు. ఫారం నింపేముందు స్కూల్లో గైడెన్స్ కౌన్సిలర్‌ని కలవండి, సిగ్గుపడకండి.

క్లాసులు మొదలయ్యాక ఓ పొద్దున నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అడిగింది: "నాన్నా, నిద్రలేని రోజే నీకు కోపమెక్కువ, గమనించావా?"

ఇంకా జవాబు చెప్పలేదు.