కాటా తేడా సరే, బిల్లు తేడా ఎంతప్పా?

ఆదోని యార్డులో పత్తి తూకమేసేటప్పుడు రైతు కండ్లు కాటా మీదనే ఉంటాయి. ఆ కాటా ఎంత తప్పు చూపించొచ్చో తూనికలు కొలతల చట్టం కింద నిబంధనలుండాయి. ఎచ్చుకూ హద్దే, తక్కువకూ హద్దే. మరి తూకాన్ని ధరతో గుణించి బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్‌కు? ఎంత తేడా ఒప్పుకోవాల్నో దాన్ని పరీక్షించే యూనిట్ టెస్టులో ప్రోగ్రామరే రాస్తాడు. ఆ ఒక్క లైను గురించే ఈ మాట.

అసలు తేడా ఏంటికొస్తుంది? మన పెద్దోళ్లకు అర, పావు, పరక, వీసం తెలుసు. ఒగదాంట్లో సగం ఇంకొగటి. కంప్యూటర్ కాడ భిన్నాలకు ఉండేవీ ఇట్లాంటి రాళ్లే. వీటితో పదో వంతు తూయమంటే ఎన్ని రాళ్లేసినా రోంత అటో ఇటో పడుతుంది, ముల్లు నడిమికి రాదు. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది. "0.3కి సమానమా?" అని టెస్టు అడిగితే కాదంటుంది. అడగాల్సింది "ఇంత తేడా లోపల ఉందా?" అని. ఆ ఇంతనే టాలరెన్స్ అంటారు.

ఈడిదాకా బాగనే ఉంది. టెస్టు ఫెయిలైనప్పుడల్లా పాసయ్యేదాకా టాలరెన్స్ పెంచుకుంటా పోతేనే చిక్కు. ఇంకో చిక్కు దీనికన్నా చెడ్డది. వచ్చిన బిల్లులోంచి రావాల్సిన బిల్లు తీసేసి, మిగిలింది టాలరెన్స్ కన్నా తక్కువుందా అని చూస్తారు. మైనస్ గుర్తు తీసేసి చూడాల. అది మరిస్తే రైతుకు వెయ్యి రూపాయలు తక్కువొచ్చినా టెస్టు పాసే, మైనస్ వెయ్యి చిన్నదే గదా! ఎచ్చొస్తే మాత్రం పట్టుకుంటుంది. ఎవురికి నష్టమో చూసుకోండి.

పైటెస్ట్ అనే పనిముట్టు ఉంది. దాంట్లో అప్రాక్స్ వాడి, హద్దు మనం చెప్పకపోతే పది లక్షల్లో ఒక వంతు తేడా ఒప్పుకుంటుంది. 80,000 రూపాయల బిల్లుకు అది 8 పైసలు. కోటి రూపాయల మొత్తానికి 10 రూపాయలు. అంకె పెరిగేకొద్దీ సందూ పెరుగుతుంది.

పైసలే గదా అనొద్దు. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి 1982లో ఒక సూచీని 1000తో మొదలుపెట్టింది. లెక్క చేసిన ప్రతిసారీ మూడు దశాంశాల తర్వాతిది కోసేసినారు. 1983 నవంబరుకు సూచీ 524 చిల్లర చూపించింది. సరిగ్గా లెక్కేస్తే 1098 చిల్లర. ఒక్కో కోత వెయ్యో వంతు కన్నా తక్కువే, కానీ అన్నీ ఒగ పక్కకే పడినాయి.

దుడ్ల లెక్క పైసల్లో, పూర్ణాంకాల్లో పెట్టాల. అప్పుడు టాలరెన్సే అక్కరలేదు. అరపైసా వస్తే ఎటు మళ్లించాల్నో ముందే రాసిపెట్టాల. తూకాలకు, ఎమ్మిగనూరు మగ్గాల కాడ గుడ్డ మీటర్లకు టాలరెన్స్ పెట్టుకోవచ్చు, అదీ కొలిచే సాధనం చూపే అతి చిన్న అంకె కన్నా చానా తక్కువగా. వెయ్యి బిల్లుల మొత్తానికీ ఒగ టెస్టు ఉండాల. యార్డు బిల్లు సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె ఎంత పెట్టినారో, మైనస్ తీసి చూస్తాండారో లేదో, రాతలో ఇమ్మని రైతు సంఘాలు అడగాల.