పి.యు.సి. పరీక్షలలో మార్పులు: తల్లిదండ్రులు గమనించవలసిన సంగతులు

పరీక్షల కాలం వచ్చిందంటే పిల్లలున్న యింట్లో పెద్దలకు కూడా కంటి మీద కునుకు వుండదు. కూరెకుప్ప, తోరణగల్లు, సండూరు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు యీ బెంగతోపాటు మరొక చిక్కు కూడా వున్నది. మన చుట్టాలలో చాలామంది సరిహద్దుకు అవతల వున్నారు. అక్కడ ఇంటర్మీడియట్, ఇక్కడ పి.యు.సి. పెళ్ళిళ్ళలో, పండుగలలో కలిసినప్పుడు అక్కడి లెక్కలు విని వచ్చి ఇక్కడి పిల్లల చదువు నిర్ణయించేవారు మనలో తక్కువేమీ కాదు. అందుచేత ఇక్కడి పద్ధతి యేమిటో మొదట తెలుసుకోవాలి.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి, సండూరు మొదలైనవి మైసూరులో కలిశాయి. ఆనాటి నుంచి చదువుల దారులు కూడా రెండయ్యాయి. పదవ తరగతి తరువాత ఉభయత్రా రెండేళ్ళ చదువే గాని లెక్క వేరు. ఆంధ్రలో మొదటి సంవత్సరం కూడా బోర్డు పరీక్షే. రెండేళ్ళ మార్కులూ కలుపుతారు. ఇక్కడ రెండవ సంవత్సరపు మార్కులే లెక్క. రెండు భాషలు, నాలుగు ఐచ్ఛిక విషయాలు, మొత్తం 600 మార్కులు. మొదటి సంవత్సరం మార్కులు కలవవు గదా అని పిల్లలు కాలక్షేపం చేస్తే, రెండవ యేట పునాది లేని గోడ కట్టినట్లే అవుతుంది.

ఇక మార్పుల సంగతి. 2022లో ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. పరీక్షలు రెండింటినీ ఒకే మండలి కిందికి తెచ్చారు. 2023-24 నుంచి సప్లిమెంటరీ అన్న పేరు తీసివేసి, పరీక్ష-1, పరీక్ష-2, పరీక్ష-3 అని పెట్టారు. తప్పినవారే కాక, మార్కులు చాలవనుకున్నవారు కూడా మళ్ళీ వ్రాయవచ్చును. వచ్చినవాటిలో మంచి మార్కులే నిలుస్తాయి. 2024లోనూ, 2025లోనూ మూడేసి పరీక్షలు జరిగాయి. 2026కు వేళాపట్టిక వెలువడినప్పుడు మాత్రం మొదటి రెండింటికే తేదీలు యిచ్చారు. కనుక మూడవది వుంటుందిలే అన్న ధీమా పనికిరాదు. అయినా ఒక్క పూట జ్వరం వచ్చినందుకు యేడాదంతా పోయే పాత బాధ చాలావరకు తీరింది. ఇది చిన్న మేలు కాదు.

రెండవ మార్పు అంతర్గత మార్కులు. ప్రయోగశాల వున్న విషయాలలో 70 మార్కులు వ్రాతకు, 30 ప్రయోగాలకు వున్నవి. ప్రయోగాలు లేని భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం వంటివాటిలో కూడా 2023-24 నుంచి 80 వ్రాతకు, 20 కళాశాలలో జరిగే పరీక్షలకు, అప్పగించిన పనికి కేటాయించారు. ఆ 20 మార్కులు మార్చిలో వచ్చేవి కావు. యేడాది పొడుగునా కూడబెట్టుకోవలసినవి. తోటకూర నాడే చెప్పలేదేమన్నట్లు చివర విచారించకుండా, జూన్ నుంచే పిల్లవాడు కళాశాలకు సరిగా వెళ్తున్నాడో లేదో చూడాలి. హాజరు నూటికి 75 వుండవలసిందే.

మూడవది ఉత్తీర్ణత. ఇదివరకు ప్రతి విషయంలో 35 రావాలి. 2025-26 నుంచి ఒక్కొక్క విషయంలో 30కి తగ్గకుండా, మొత్తం 600కు 198 వస్తే చాలునని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఒక విషయంలో వెనుకబడి చదువు మానుకునే ఆడపిల్లలకు, పనిలోకి పోయే మగపిల్లలకు ఇది ఆసరా. కాని గట్టెక్కడం వేరు, సీటు రావడం వేరు. ఇంజనీరింగు ర్యాంకులో సి.ఇ.టి. మార్కులు సగమైతే, భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలలో పి.యు.సి. మార్కులు తక్కిన సగం.

పిల్లలను ఆంధ్రలోని హాస్టలు కళాశాలలకు పంపదలచినవారు మరొకటి ఆలోచించాలి. కర్ణాటకలో సీటుకు, రాష్ట్రంలో చదివిన సంవత్సరాల లెక్క చూస్తారు. రాజ్యాంగం 371-జె అధికరణం వల్ల బళ్ళారి జిల్లా స్థానికులకు ప్రత్యేక కోటా వున్నది. ఆ నిబంధనలు చదివి, కావలసిన పత్రాలు చూసుకొని, ఆ తరువాతే పెట్టె సర్దాలి.

చివరిగా ఒక మాట. పి.యు.సి. భాషల పట్టికలో తెలుగు కూడా వున్నది. బోధించే అధ్యాపకులు దొరికే కళాశాల అయితే దానిని తీసుకోవచ్చును. దొరకనిచోట పిల్లవాడు కన్నడం తీసుకుంటే చింతపడనక్కరలేదు. అది మనకు అన్నం పెట్టిన నేల భాష. తెలుగు మాత్రం యింట్లో రోజుకొక పుట చదివించే బాధ్యత మనది. ఆ పరీక్షకు మార్కులు వేసే మండలి లేదు, తల్లిదండ్రులే వేసుకోవాలి.