స్లాబుకు ముందే... దీపం లెక్క!

బళ్లారి: ‘గూట్లో దీపం... నోట్లో ముద్ద’ అనేవారు పెద్దలు. దీపాలు పెట్టే వేళకే అన్నం తినేయాలని అర్థం. ఆ గూడు ఇప్పటి ఇళ్లలో లేదు. బళ్లారి, సిరుగుప్ప వైపు పల్లెల్లో మిగిలిన పాత మిద్దెల్లో మాత్రం ఇంకా కనిపిస్తుంది. పొయ్యి దగ్గర ఒకటి, తలవాకిట ఒకటి, పడసాలలో ఒకటి... పనున్న చోటల్లా గోడలో చిన్న గూడు. మిద్దె పైన గవాక్షి. పగటి వెలుగు గవాక్షిలోంచి, రాత్రి వెలుగు గూట్లోంచి. గోడ లేపేటప్పుడే దీపం ఎక్కడుండాలో తేల్చేసుకునేవారు.

ఇప్పుడు లక్షలు పోసి ఇల్లు కడుతున్నాం. టైల్స్ ఎంచడానికి పది దుకాణాలు తిరుగుతాం. తలుపు చెక్కడానికి నెలల తరబడి ఆలోచిస్తాం. దీపాల సంగతి వచ్చేసరికి ‘ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే’ అని వదిలేస్తాం. ఆయన అలవాటు ప్రకారం గది మధ్యలో ఫ్యాను, గోడకో ట్యూబులైటు, తలుపు పక్కన స్విచ్‌బోర్డు పెట్టి వెళ్లిపోతాడు. గృహప్రవేశం అయ్యాక మొదలవుతుంది అసలు కష్టం. కూరగాయలు తరిగే చోట మన నీడే పడుతుంది. మంచం ఎక్కాక లైటు ఆర్పడానికి మళ్లీ లేవాలి. రాత్రి స్నానాలగదికి బయల్దేరిన అవ్వకు గడప కనిపించదు. ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఒక్క బల్బు రోజులు పోయాయి

గదికి ఒకే దీపం అన్న అలవాటు కరెంటు బిల్లు భయంతో వచ్చింది. పాత 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి అదే 5 గంటలకు నెలకు 1.35 యూనిట్లు చాలు. అంటే పాత బల్బు ఒక్కటి తాగే కరెంటుతో ఆరు ఎల్‌ఈడీలు వెలిగించొచ్చు. 2015 జనవరిలో కేంద్రం ‘ఉజాలా’ పథకం తెచ్చాక ఎల్‌ఈడీ ధర కూడా సామాన్యుడికి అందింది. కాబట్టి గదికి రెండు మూడు చిన్న దీపాలు పెట్టుకుని, వేటి స్విచ్ వాటికి ఉంచుకోవడమే మేలు. ఏ పనికి ఆ దీపమే వెలుగుతుంది.

బల్బు కొనేటప్పుడు వాట్లు మాత్రమే చూడొద్దు. డబ్బా మీద ల్యూమెన్లు అని ఉంటుంది. వెలుగు ఎంతో చెప్పేది అదే. కెల్విన్ అంకె వెలుగు రంగును చెబుతుంది. 2700-3000 అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు. 6500 అంటే తెల్లటి వెలుగు. పడకగదికి మొదటిది హాయి. వంటకు, చదువుకు 4000 నుంచి పైన తీసుకోవచ్చు.

గది పేరు కాదు... అక్కడి పని

కాగితం మీద ఇంటి ప్లాను గీసి, ఎవరు ఎక్కడ కూర్చుని ఏం చేస్తారో ముందు రాసుకోవాలి. దీపం ఆ తర్వాత.

వంటిల్లు: గట్టు ముందు నిలబడితే గది మధ్యలోని దీపం మన వీపు వెనక ఉంటుంది. అందుకే నీడ. గట్టు పైన అల్మరా కింద సన్నటి ఎల్‌ఈడీ పట్టీ పెడితే వెలుగు నేరుగా చేతుల మీద పడుతుంది. గట్టుకు నల్లటి కడప బండ వేయించేవారికి ఇది మరీ అవసరం. నల్ల రాయి వెలుగును మింగేస్తుంది.

పడసాల: సీలింగులో చిన్న దీపాలు పెట్టించేవారు ఫ్యాను లెక్క మరవొద్దు. 48 అంగుళాల ఫ్యాను రెక్కలు మధ్య నుంచి రెండడుగుల దూరం తిరుగుతాయి. ఆ చుట్టు లోపల, రెక్కల పైన దీపం ఉంటే గదంతా నీడలు గిరగిరా తిరుగుతూ కళ్లు లాగేస్తాయి.

పిల్లల బల్ల: కుడిచేత్తో రాసే పిల్లలకు వెలుగు ఎడమ నుంచి రావాలి. ఎడమచేతి వాటం వారికి కుడి నుంచి. లేకపోతే రాసే అక్షరం మీద చేతి నీడ పడుతుంది.

అద్దం: దీపం నెత్తి మీద ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు. అద్దానికి రెండు పక్కలా, ముఖం ఎత్తులో పెడితే ముఖమంతా సమంగా కనిపిస్తుంది.

అవ్వ నడిచే దారి

కొత్తింట్లో ముందు ఆలోచించాల్సింది పెద్దవాళ్ల గురించే. వయసు మీదపడే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం మసకబారుతుంది. 20 ఏళ్ల కంటిలోకి చేరే వెలుగులో దాదాపు మూడో వంతే 60 ఏళ్ల కంటిలోకి చేరుతుంది. మనకు సరిపోయిన వెలుగు వారికి చాలదు. అలాగని కళ్లలోకి కొట్టే పెద్ద బల్బూ పనికిరాదు. శుక్లాలున్నవారికి ఆ మెరుపు ఇంకా ఇబ్బంది. పైన మూత ఉండి, వెలుగు పరుచుకునే దీపం కావాలి.

మంచం నుంచి స్నానాలగది దాకా గోడకు అడుగు ఎత్తులో అర వాట్ చిన్న దీపాలు పెట్టించండి. ఒక్కోటి రోజూ పది గంటలు వెలిగినా నెలకు పావు యూనిట్ కూడా కాదు. మంచం పక్కన చేతికందేలా ఒక స్విచ్, తలుపు దగ్గర ఒకటి... రెండూ అదే దీపానికి పనిచేసేలా టూ-వే పెట్టించాలి. మెట్లకూ అంతే. కింద వేసి పైన ఆర్పేలా ఉండాలి.

స్లాబు పడితే అంతే

సీలింగు దీపాల పైపులు, ఫ్యాను డబ్బాలు స్లాబు కమ్మి కట్టాక, కాంక్రీటు పోయకముందే అమర్చాలి. గోడల్లో పైపులు ప్లాస్టరింగుకు ముందే గాడి కొట్టి పెట్టాలి. ఆ రెండు గడువులు దాటితే మళ్లీ పగలగొట్టడమే. అందుకే కాంక్రీటుకు ముందు రోజు యజమాని తప్పక వెళ్లి, చేతిలోని కాగితంతో ఒక్కో పాయింటూ సరిచూసుకోవాలి. పైపులు కప్పకముందే సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు అవే దిక్కు.

ఇక్కడే మనవాళ్లకు ఇంకో చిక్కు. ఇంట్లో మాట తెలుగు, పనివాళ్ల మాట ఆ ఊరి మాట. మనం వెలుగు అంటే బళ్లారిలో బెళకు, హోసూరులో వెళిచ్చం. నోటిమాటగా చెప్పింది ఒకటైతే గోడ మీద తేలేది ఇంకొకటి. ‘పాయింటు’ అన్న మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే. ప్లాను మీద దీపానికి సున్నా, స్విచ్‌కు గీత, టూ-వేకు రెండు గీతలు పెట్టి ఒక నకలు మేస్త్రీకి, ఒకటి ఎలక్ట్రీషియన్‌కు ఇస్తే భాష అడ్డురాదు. కూలి లెక్క కూడా ఎక్కువగా పాయింటుకు ఇంత అనే ఉంటుంది గనుక, డబ్బు దగ్గర పేచీ తగ్గుతుంది.

పాత ఇల్లయినా, అద్దె ఇల్లయినా దిగులు వద్దు. గోడ పైనే కేసింగ్ పట్టీ వేసి తీగ లాగొచ్చు. మనిషి కదిలితే వెలిగే బ్యాటరీ దీపాలూ దొరుకుతున్నాయి. గోడలకు లేత రంగు, పైకప్పుకు తెల్లటి సున్నం వేసినా ఉన్న దీపమే ఎక్కువ వెలుగిస్తుంది.

ఇవి మరవొద్దు

* ఒక సర్క్యూట్‌కు దీపాలు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి 10 పాయింట్లు, 800 వాట్లు మించనీయొద్దు.

* ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపి ప్రాణం కాపాడేది అదే.

* స్నానాలగది స్విచ్‌లు తలుపు బయట ఉండాలి.

* దేవుడి గూట్లో దీపం సెగ తీగలకు, ప్లాస్టిక్ దీపాలకు తగలకుండా చూసుకోండి.

* ప్లాను ఖాయం చేసే ముందు ఇంట్లో అవ్వాతాతలను కూర్చోబెట్టి అడగండి. రాత్రి లేచి నడిచేది వాళ్లే కదా!