సప్పుడు ఆంప్లిఫైయర్‌ది కాదు, వైరు పోయిన తొవ్వది

మొన్న ఇబ్రహీంపట్నంల ఒక పిల్లగాడు తన పాత కారు చూపిచ్చిండు. కొత్త ఆంప్లిఫైయర్, డిక్కీల పెద్ద వూఫర్. ఇంజిన్ స్టార్ట్ చేసి పాట బంద్ వెట్టినా స్పీకర్లల్ల ‘కుయ్’ మని ఏడుపు. యాక్సిలరేటర్ తొక్కితే ఏడుపు గొంతు లేస్తది, వదిలితే దిగుతది. ‘అన్నా, ఆంప్లిఫైయర్ ఖరాబైందంట, మారుస్త’ అన్నడు. ఆగుమన్న. ఎందుకంటే గీ ఏడుపు నలుగురిల నా ఇజ్జత్ కూడ తీసింది.

చాన ఏండ్ల కింద చెరువు కాల్వల మీద మీటింగ్ పెట్టుకున్నం. ట్రాలీ ఆటోకు మైకు కట్టి సాగర్ రోడ్డు పొంటి యాచారం దాక, ఇటు మంచాల దిక్కు తిరిగినం. ఆటో ఆగి ఉంటే మాట మంచిగనే ఇనొచ్చేది. కదిలిందంటే గోలనే. ఒక అవ్వ ‘ఏం అమ్ముతున్నరు బిడ్డా?’ అని అడిగింది. తారీఖు తెల్వక మస్తుమంది మీటింగుకే రాలే. దుకాణపాయన ఆంప్లిఫైయర్ మార్చుమన్నడు. అప్పు తెచ్చి మార్చినం, గోల అట్లనే ఉన్నది. ఆఖరికి మ్యాట్ లేపి చూస్తే, బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు, మాట మోసే సన్న వైరు రెండిటినీ కలిపి టేపు చుట్టిండ్రు. చూడనీకి నీటుగనే ఉన్నది!

అసలు సంగతి ఏందంటే, ఆల్టర్నేటర్‌ల పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీ చేస్తయి గని, సన్న అలలు మిగుల్తయి. ఇంజిన్ జోరు పెరిగితే ఆ అలల జోరు పెరుగుతది. ఎర్ర వైరుల పదుల ఆంపియర్లు పారుతుంటే, పక్కన ఆర్‌సీఏ వైరుల పాట మామూలు స్టీరియోలకు ఒకటి రెండు వోల్టులే. మారే కరెంటు పక్క తీగెల వోల్టేజీ పుట్టిస్తదని మైకేల్ ఫారడే 1831లనే చూపిచ్చిండు. రెండు వైర్లు ఎంత దూరం జంటగ పోతే అంత ఎక్కువ అంటుకుంటది. ఆంప్లిఫైయర్‌కు ఏది పాటనో ఏది గోలనో తెల్వది, రెండిటినీ పెంచుతది. టెలిఫోన్ తీగెలకు గిదే బాధ వస్తే గ్రాహం బెల్ జంట తీగెలను మెలేసి 1881ల పేటెంట్ తీసుకున్నడు. ఇప్పుడు మెలేసిన ఆర్‌సీఏ వైర్లు కూడ దొరుకుతయి.

అందుకే తమ్మీ, బ్యాటరీ ఏ పక్కనుంటే ఆ పక్క నుంచి ఎర్ర వైరు గుంజు, ఆర్‌సీఏ రెండో పక్క నుంచి తీస్కపో. యాడనన్న దాటక తప్పదంటే కూడలి లెక్క అడ్డంగ దాటాలె, జంటగ నడవొద్దు. మిగిలిన వైరు చుట్టలు చుట్టి సీటు కింద కుక్కకు.

తొవ్వ మార్చినా పోకపోతే ఎర్తింగ్ చూడు. స్టీరియోకు ఒక కాడ, ఆంప్లిఫైయర్‌కు ఇంకో కాడ ఎర్త్ ఉండి, రెండిటి నడుమ వోల్టేజీల ఇంత తేడా ఉన్నా ఆ తేడా ఆర్‌సీఏ వైరు పొంటి పారి గోలైతది. నా అంచనాల సగం కార్లకు జబ్బు ఇదే. రంగు మీద బోల్టు బిగిస్తే ఎర్త్ దొరకది. ఎమ్రీ పేపర్‌తోని రేకు మెరిసేదాక గీకి, పొట్టి వైరుతోని గట్టిగ బిగించాలె.

పైసలు పెట్టేముందు పరీక్ష చెయ్యి. ఇంజిన్ బంద్ చేసినా సప్పుడుంటే ఆల్టర్నేటర్‌ది కాదు. ఇంజిన్ నడుస్తుంటేనే వస్తే, ఆంప్లిఫైయర్ ఆఫ్ చేసి ఆర్‌సీఏ పీకి మళ్ల ఆన్ చెయ్యి. సప్పుడు పోతే అది ఆర్‌సీఏ తొవ్వల నుంచో, స్టీరియో నుంచో వస్తున్నట్టు. పోకపోతే ఆంప్లిఫైయర్ పవరు, ఎర్త్ దిక్కు చూడు. నాయిస్ ఫిల్టర్లు అమ్ముతరు గని, అవి ఆఖరి మాట.

మా ట్రాలీల ఇంకొకటి కూడ లేకుండె: ఫ్యూజు. బ్యాటరీ నుంచి జానెడు, మహా అంటే రెండు జానలల్లనే ఫ్యూజు ఉండాలె, అదీ వైరు మందానికి తగ్గది. రేకు బొక్కల నుంచి వైరు తీస్తే రబ్బరు వాషరు పెట్టాలె. లేకుంటే వైరు తోలు అరిగి రేకుకు తాకుతది, కారు అంటుకుంటది.

పిల్లగాని కారుల తప్పు ఎర్త్ కాడనే దొరికింది. డిక్కీల రంగేసిన బోల్టుకు కట్టిండ్రు. గీకి బిగిచ్చేసరికి అర్ధగంట పట్టింది. ఫ్యూజు కూడ లేకుండె, పొద్దుగూకకముందే తెచ్చి పెట్టిచ్చిన.