కాలిబర్ కథ: సోనీ రీడర్ నుంచి శ్రీ విజయపురం దాకా

2006లో సోనీ పీఆర్‌ఎస్-500 అనే ఈ-రీడర్‌ను అమ్మకానికి పెట్టింది. లినక్స్ వాడేవాళ్ళకు దానితో పని జరిగేది కాదు. కోవిద్ గోయల్ అనే యువకుడు ఆ పరికరం కంప్యూటరుతో ఎలా మాట్లాడుతుందో, సోనీ సొంత ఫార్మాట్ లోపల ఏముందో విప్పి చూసి, ఆ ఏడాది అక్టోబరు 31న ఒక ప్రోగ్రాం మొదలుపెట్టారు. 2008 నుంచి దాని పేరు కాలిబర్. అప్పుడూ ఇప్పుడూ ఉచితమే.

అప్పట్లో ఏ కంపెనీ ఫార్మాట్ దానిదే. ఫ్రాన్సులో పుట్టిన మోబిపాకెట్‌ను అమెజాన్ 2005లో కొనేసి, 2007లో కిండిల్‌ను దాని మీదే నిలబెట్టింది. అదే ఏడాది అందరి ఉమ్మడి ప్రమాణంగా ఈపబ్ వచ్చింది. ఈపబ్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, గుట్టంతా బయటపడుతుంది. అధ్యాయానికో వెబ్ పేజీ, బొమ్మలు, ఫాంటు, ఏది ముందో ఏది వెనకో చెప్పే జాబితా, అన్నీ ఒకే మూటలో ఉంటాయి. కాలిబర్ ఏ ఫైలునైనా ముందు ఇలాంటి రూపంలోకి విప్పి, ఆ తర్వాత అడిగిన ఫార్మాట్‌లో మళ్ళీ కడుతుంది. పీడీఎఫ్ దగ్గరే చిక్కు. ఏ అక్షరం పేజీలో ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు గానీ, పేరా ఎక్కడ ముగిసిందో తెలియకపోవచ్చు.

నెట్ అందని చోట ఫార్మాట్ ఎంపిక మరీ ముఖ్యం. అండమాన్ నికోబార్‌నే చూడండి. 2011 జనాభా లెక్కల్లో అక్కడి జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అక్కడ నెట్ అంటే ఉపగ్రహమే. స్కాన్ చేసిన నవల పదుల మెగాబైట్లు తూగుతుంది. అదే నవల అక్షరాలుగా ఉంటే కొన్ని వందల కిలోబైట్లతో సరి. అందుకే అప్పటి పోర్ట్‌బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం పాఠకుడికి నేనైతే ఈపబ్ వైపే చూడమంటాను. ఫోనులో అక్షరం పెంచితే వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి కూడా.

తెలుగుకు మాత్రం ఇంకో గండం ఉంది. క్ష అనేది యూనికోడ్‌లో క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. వాటిని కలిపి ఒత్తుగా దించే తెలివి పరికరానికి లేకపోతే ఎంత మంచి ఫార్మాటైనా అక్షరం ముక్కలవుతుంది. 2016లో అమెజాన్ కిండిల్‌కు ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇంత పాఠకలోకం ఉన్న భాషకు అది న్యాయం కాదు.

పీడీఎఫ్‌ను ఈపబ్‌గా మార్చేముందు అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే వస్తే కాలిబర్‌కు ఇవ్వొచ్చు. ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తే అది అనూ లాంటి పాత డీటీపీ ఫాంటులో కంపోజ్ చేసిన పుస్తకం. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. అసలు ఏమీ రాకపోతే అది ఉత్త బొమ్మ, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి రాతగా మార్చడం) చేయాల్సిందే. ఆపైన కాలిబర్ సెట్టింగుల్లో మండలి లాంటి ఉచిత తెలుగు ఫాంటును ఈపబ్‌లోనే పొదిగి, ఒత్తులున్న పేజీ ఒకటి ఫోనులో తెరిచి చూసుకుని పంపాలి.