నాచురల్ ప్రొడక్ట్స్‌కి మారాలంటే ముందు ఏది మార్చాలి?

ఈ రోజు టాపిక్ మా ఇంట్లో నాలుగు నెలలుగా నడుస్తున్నదే. మా చెల్లి డెలివరీకి పుట్టింటికి వచ్చింది, పాప పుట్టింది. అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. చెల్లి ఫోన్‌లో ‘ఆర్గానిక్’ అని కనిపించినదల్లా కార్ట్‌లో వేస్తుంది. మా అమ్మమ్మేమో, “మీ అమ్మని, మీ మామయ్యని వీటితోనే పెంచానా? సున్నిపిండి, ఆముదం, సాంబ్రాణి ఉంటే చాలు” అంటుంది. అమ్మ ఎటూ మాట్లాడదు. బిల్లు కట్టేది నేను. కాబట్టి కూర్చుని చదివాను, పిల్లల డాక్టర్‌ని అడిగాను, ఒక వరస తయారు చేసుకున్నాను. అదే మీకు చెప్తాను.

ముందు ఒక మాట. నాచురల్ అంటే సేఫ్ అని కాదు. కుంకుడు రసం కంట్లో పడ్డ రోజు మనందరికీ గుర్తే కదా? అది వంద శాతం నాచురల్. ‘కెమికల్ ఫ్రీ సబ్బు’ అన్న మాట కూడా అంతే. నూనె సబ్బుగా మారాలంటే కాస్టిక్ లాంటి క్షారం కలపాల్సిందే. చేత్తో చేసిన సబ్బుకైనా, ఫ్యాక్టరీ సబ్బుకైనా అదే సూత్రం. తయారయ్యాక కాస్టిక్ మిగలదు, కానీ సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. అందుకే పసిపిల్లలకు ఏ సబ్బయినా తక్కువగా వాడితేనే మంచిది. మొదటి వారాల్లో రోజూ సబ్బు అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లు చాలు.

మరి దేనితో మొదలుపెట్టాలి? చాలామంది షాంపూతో మొదలుపెడతారు. నేనైతే గాలి నుంచి మొదలుపెట్టమంటాను. షాంపూ ఒంటి మీద రెండు నిమిషాలు ఉంటుంది. గదిలో గాలిని పాప రోజంతా పీలుస్తుంది.

దోమల కాయిల్, రూమ్ ఫ్రెషనర్, అగరుబత్తి, సాంబ్రాణి... వీటిలో కొన్ని ఫ్యాక్టరీవి, కొన్ని తాతల నాటివి. ఊపిరితిత్తులకు ఆ తేడా తెలీదు, పొగ పొగే. మరి దోమలు? డెంగీ సీజన్‌లో కాయిల్ ఆపేసి ఊరుకోలేం. దీనికి దోమతెరని మించిన నాచురల్ ప్రొడక్ట్ లేదు. వాసన లేదు, పొగ లేదు, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. ‘హెర్బల్’ అని అమ్మే లెమన్ యూకలిప్టస్ నూనె రిపెల్లెంట్‌ని మూడేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా సీడీసీ చెప్తుంది. అది మొక్క నుంచి వచ్చినదే.

సాంబ్రాణి విషయంలో మా ఇంట్లో ఒక రాజీ కుదిరింది. పాప తలకు పొగ పట్టడం లేదు. మెత్తటి తువ్వాలుతో తడి ఒత్తుతాం. అమ్మమ్మ దేవుడి గదిలో వేసుకుంటుంది, అప్పుడు పాప వేరే గదిలో, కిటికీలు తెరిచి ఉంటాయి. సరేనంది.

రెండోది నోరు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. అంటే ‘ఆయుర్వేదిక్’ అని రాసున్న చుక్కల మందులు కూడా డాక్టర్‌ని అడక్కుండా వద్దు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది నిండేదాకా నాకించకూడదు. అందులో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో విషాన్ని తయారు చేయగలవు, దాన్నే బొటులిజం అంటారు. వేపనూనె చుక్క కూడా నోట్లో వేయొద్దు. జలుబు చేసిందని కర్పూరం రాయడం, ముక్కు దగ్గర పెట్టడం కూడా వద్దు. కర్పూరం ఒంట్లోకి వెళ్తే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పొరపాటున మింగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. 108కి ఫోన్ చేసి, ఏం మింగారో ఆ ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి వెళ్లండి.

మూడోది బట్టలు. దీన్ని కొంచెం శ్రద్ధగా వినండి.

పసిపాపకి పాత నూలు చీర కన్నా మంచి బట్ట లేదు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడింది, డబ్బు ఖర్చు లేదు. లంగోటాలు, ఉయ్యాల, పక్క గుడ్డలు అన్నీ దాన్నుంచే వస్తాయి. ఈ పాయింట్ అమ్మమ్మదే. కానీ ఆ చీరలు ఎక్కడి నుంచి వస్తాయి? ట్రంకు పెట్టెలోంచి. ఆ పెట్టెలో ఏముంటాయి? కలరా ఉండలు. అవి ఎక్కువగా నాఫ్తలీన్‌తో చేస్తారు. ఆ వాసన బట్టకు పట్టి ఉంటుంది, పాప చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి వెళ్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు దీనివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు ముదిరి ప్రాణం మీదకి రావచ్చు. మన దేశంలో ఈ లోపం అరుదేమీ కాదు, పైగా టెస్ట్ చేస్తే తప్ప తెలీదు. కాబట్టి ఇంట్లో పసిపిల్లలుంటే, లేదా రాబోతుంటే, ఆ ఉండలు తీసేయండి. పాత బట్టల్ని పదే పదే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో, గాలిలో ఆరేయండి. వాసన పోకపోతే ఆ చీర పాపకి వద్దు. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

కొత్త బట్టలు కొంటే లేబుల్ మీద గాట్స్ గుర్తు చూడండి. బట్టల్లో ఆర్గానిక్ నూలుకి ఉన్న అంతర్జాతీయ గుర్తు అది. కనీసం 70 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. 95 శాతం పైన ఉంటేనే దాని మీద నేరుగా ‘ఆర్గానిక్’ అని రాస్తారు. ఏ బట్టయినా తొడిగే ముందు ఒకసారి ఉతకండి. గుడ్డ డైపర్లకు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే తడి పీల్చుకోవడం తగ్గిపోతుంది.

నాలుగోది చర్మం. నూనెల్లో మన వైపు పిల్లలకు సాధారణంగా కొబ్బరినూనె బాగానే పడుతుంది. ఆవనూనె కొందరికి మంట పెడుతుంది. ఖరీదైన ఆలివ్ ఆయిల్ చర్మం పై పొరను బలహీనం చేస్తుందని పరిశోధనల్లో తేలింది. సున్నిపిండి పెద్దవాళ్లకు బాగుంటుంది, కానీ పసిపిల్లల చర్మం మనకన్నా పల్చన. గరుకు పిండితో నలుగు పెడితే గీసుకుపోతుంది. పౌడర్ అసలు అక్కర్లేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, మొక్కజొన్న పిండితో చేసినదైనా సరే.

కాటుక సంగతి కూడా చెప్పుకోవాలి. బయట దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడుకు హాని. ఇంట్లో ఆముదం దీపంతో పట్టినదైనా కంట్లో పెట్టొద్దు, వేలి నుంచి ఇన్ఫెక్షన్ వస్తుంది. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోవచ్చు. అదీ కొన్నాళ్లే! ఐదారు నెలలకి కాలు నోట్లో పెట్టుకోవడం మొదలెడతారు.

ఇప్పుడు లేబుల్స్. మన దేశంలో ‘జైవిక్ భారత్’ లోగో చూసి ఉంటారు. అది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐది, తిండి పదార్థాల కోసం. బియ్యం, పప్పు, రాగిపిండి కొనేటప్పుడు చూడండి. సబ్బు, లోషన్, ఫ్లోర్ క్లీనర్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే అది కంపెనీ వాళ్ల డిజైన్ కూడా కావచ్చు. కాబట్టి సీసా ముందు వైపు కాదు, వెనక వైపు చదవండి. ‘ఫ్రాగ్రెన్స్’ లేదా ‘పర్ఫ్యూమ్’ అని ఒక్క మాట ఉంటే దాని వెనక పదుల పదార్థాలు ఉండొచ్చు. ‘అన్‌సెంటెడ్’ అన్నా కూడా వాసన కప్పడానికి ఇంకేదో కలిపి ఉండొచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అన్నది వెతకండి.

చివరిది ఇల్లు తుడిచేది. రీల్స్‌లో వంటసోడా, వెనిగర్ కలిపి నురగ చూపిస్తారు. ఆ నురగ అయిపోయాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ల లాంటిదే, రెండిటి బలం పోతుంది. విడివిడిగా వాడండి. వెనిగర్‌ని, బాత్రూమ్ యాసిడ్‌ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బయో ఎంజైమ్ చేసుకోవాలంటే బెల్లం 1 పాలు, నిమ్మ, బత్తాయి తొక్కలు 3 పాళ్లు, నీళ్లు 10 పాళ్లు. ప్లాస్టిక్ డబ్బాలో మూడు నెలలు ఉంచాలి. మొదటి నెల రోజూ మూత కాస్త తిప్పి గ్యాస్ వదలాలి. గాజు సీసా వద్దు, పగులుతుంది. అది పులుపు కాబట్టి మార్బుల్ మీద వాడకండి. కుంకుడు రసం ఫ్రిజ్‌లో పెట్టినా కొన్ని రోజులే ఉంటుంది. మురికి వదులుతుంది కానీ క్రిములను చంపుతుందని నమ్మి కూర్చోవద్దు.

ఇవన్నీ ఒకే రోజు మార్చొద్దు. రెండు కారణాలు. ఒకటి డబ్బు. ఉన్న సీసా అయిపోయాకే కొత్తది కొనండి. ఇందాక చెప్పిన ప్రమాదకరమైనవి మాత్రం ఆగకుండా తీసేయాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఒకేసారి నూనె, సబ్బు, డిటర్జెంట్ మూడూ మారిస్తే, పాపకి దద్దుర్లు వచ్చినప్పుడు ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? ఒకటి మార్చి వారం చూడండి. కొత్త నూనె, లోషన్ ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు గమనించండి.

ఇక లెక్క వేస్తే మా ఇంట్లో కొన్నవాటికన్నా మానేసినవే ఎక్కువ. కాయిల్, పౌడర్, రూమ్ ఫ్రెషనర్, కలరా ఉండలు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఇవన్నీ పోయాయి. కొన్నది దోమతెర, కొబ్బరినూనె, వాసన లేని డిటర్జెంట్. ‘ఆర్గానిక్ బేబీ కిట్’ ఒక్కటి కూడా అక్కర్లేదు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు “నీకు తెలీదు అమ్మమ్మా” అనకండి. పాత చీర, ఎండ, దోమతెర, తల్లిపాలు వాళ్లు చెప్పినవే, అవి ముందు ఒప్పుకోండి. తర్వాత “డాక్టర్ గారు ఈ రెండు మాత్రం వద్దన్నారు” అని చెప్పండి. వింటారు. ట్రంకు పెట్టె తెరిచి ఉండలు ఏరి పారేసింది మా అమ్మమ్మే.

ఈ రోజుకి ఇంతే. ఇంట్లో పసిపిల్లలున్న వాళ్లకి ఆ బట్టల పెట్టె సంగతి ఒక్కటైనా చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.