ఇల్లు ప్రింటు తీస్తే సిమెంటు ఆదా అవుతుందా?

మన సంఘం గ్రంథాలయానికి ఒక గది వేయాలనుకున్నప్పటి నుంచి కుర్రవాళ్లు "త్రీడీ ప్రింటింగ్‌లో కట్టిద్దామండీ, పర్యావరణానికీ మంచిది" అంటున్నారు. తిరుత్తణి, తిరువళ్లూరు మేస్త్రీలలో, సెంట్రింగ్ పనివారిలో మనవాళ్లూ ఉన్నారు. వారికీ తెలియవలసిన సంగతే ఇది.

మురుకుల గొట్టం చూసినవారికి ఈ యంత్రం సులభంగా అర్థమవుతుంది. కంప్యూటరులోని ప్లాను ప్రకారం గొట్టం మూతి కదులుతూ, చిక్కటి కాంక్రీటును వరుస మీద వరుసగా పేరుస్తుంది. గోడకు పలకలు కట్టే పని లేదు. గోడ మధ్య ఖాళీ వదలవచ్చు కనుక సరుకు తగ్గుతుంది.

మనకు దగ్గరలోనే చేసి చూపించారు. ఎల్ అండ్ టీ 2020 డిసెంబరులో కాంచీపురంలో 700 చదరపు అడుగుల భవనం ప్రింటు చేసింది. మద్రాసు ఐఐటీలో త్వస్త సంస్థ కట్టిన 600 చదరపు అడుగుల ఇంటిని 2021 ఏప్రిల్‌లో నిర్మలా సీతారామన్ ప్రారంభించారు. సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో గుడినే ప్రింటు చేశారు. వినాయకుడి గర్భగుడి మోదకం ఆకారంలో ఉంటుంది. అయితే అక్కడ కూడా స్తంభాలు, శ్లాబు పాత పద్ధతిలో వేసినవే.

ఇక చిక్కు ఎక్కడంటే, ఆ గొట్టంలో పెద్ద కంకర పట్టదు. కంకర తగ్గితే సిమెంటు పాలు పెరుగుతుంది. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చేటప్పుడు బొగ్గు పొగే కాదు, రాయిలో నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచం మొత్తం విడిచే ఆ వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటుదే. పలకల దగ్గర మిగిల్చింది మిశ్రమం దగ్గర పోగొట్టుకుంటే ఏం లాభం?

అందుకే సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లైయాష్, ఉక్కు కొలిమి స్లాగ్, కాల్చిన బంకమట్టి కలుపుతున్నారు. ఫ్లైయాష్ కోసం దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే అత్తిపట్టు థర్మల్ కేంద్రం ఉంది. బూడిద బురద నీళ్లలో కలుస్తోందని ఎన్నూరు జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది గోడల్లోకి వెళ్తే వాళ్లకూ మేలే.

ఒక్క గది కోసం అంత యంత్రాన్ని లారీలో తెప్పించడం దండగని నా అభిప్రాయం. ఒకే చోట యాభై ఇళ్లు కట్టేటప్పుడు వేరే లెక్క. మన గదికి ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటు, ఫ్లైయాష్ ఇటుకలు వాడి, మన మేస్త్రీలకే పని ఇద్దాం. రెండు అంచనాలూ వచ్చే సమావేశంలో పెడతాను, సభ్యులు చూసి చెప్పండి.